సముద్రంలో పడ్డ పాయింట్లు

రుస్మియాతి ఫోన్ ఎత్తితే అవతలివాళ్ళ పేరు అడగదు, ఊరు అడగదు. "మ్యాప్ అసలు తెరుచుకోవట్లేదా, తెరుచుకుని తెల్లగా ఉందా?" అని అడుగుతుంది. తెరుచుకోవట్లేదంటే తప్పు సర్వర్‌ది. తెల్లగా ఉందంటే వాళ్ళ బ్రౌజర్‌ది. ఈ రెండూ కాకుండా మూడోది చెప్పారంటే ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంటుంది. మూడో రకం మనుషులు మ్యాప్‌తో మొదలుపెట్టి తమ బతుకంతా చెప్పుకొస్తారని ఇన్నేళ్ళ అనుభవంలో ఆమెకు తెలిసిపోయింది.

జావా ఉత్తర తీరంలో మా జిల్లా విపత్తుల ఆఫీసు రెండంతస్తులది. కింది అంతస్తులోకి పోటు నీళ్ళు వచ్చినప్పుడల్లా బైకులన్నీ మెట్లెక్కి కూర్చుంటాయి. పై అంతస్తులో, ఆ మెట్లకి ఎదురుగా రుస్మియాతి బల్ల. దాని మీద రెండు కంప్యూటర్లు, మూత పెట్టిన గ్లాసులో చల్లారిపోయిన మల్లె టీ, ఎవరో పెళ్ళిలో ఇచ్చిన చేతి విసనకర్ర ఉంటాయి. ఆఫీసులో ముప్ఫైమంది పనిచేస్తారు. మ్యాప్ పోర్టల్ గురించి ఎవరిని అడిగినా ఆ బల్లవైపే చెయ్యి చూపిస్తారు.

ఆమె చదివింది భూగోళం. టీచరు కావాలనుకుంది. పోస్టు రాలేదు. కాగితం మీద జిల్లా పటాలకి రంగులు వేసే పనికి కాంట్రాక్టు మీద ఈ ఆఫీసులో చేరింది. తర్వాత కాగితం పోయి కంప్యూటర్ వచ్చింది, కంప్యూటర్లోని పటం పోయి ఇంటర్నెట్‌లో పటం వచ్చింది. కాంట్రాక్టు మాత్రం అలాగే ఉండిపోయింది. ప్రతి డిసెంబరులోనూ ఆఫీసు పెద్ద పా దార్సోనో ('పా' అంటే మా వైపు అయ్యగారు) ఆమెను పిలిచి, "వచ్చే ఏడు కూడా ఉంటావు కదా రుస్మీ," అని అడుగుతాడు, ఏదో ఆమెకి పది చోట్ల నుంచి పిలుపులు వస్తున్నట్టు. ఆమె సంతకం పెట్టి వచ్చి మళ్ళీ ఫోన్ ఎత్తుతుంది.

ఫోన్లు రకరకాలు. ఒక గ్రామపెద్దకి తన చేపల చెరువు పక్క ఊరి హద్దులోకి పోయినట్టు కనిపించింది. "ఒక్క వేలెడు ఇటు లాగమ్మా, ఎవరికీ తెలీదు," అని బతిమాలాడు. ఇంకొకాయన ఫోన్ తలకిందులుగా పట్టుకుని ఊరు తిరగబడిందని ఫిర్యాదు చేశాడు. ఒక ఆసుపత్రి గుమాస్తా పంపిన పట్టికలో అంబులెన్సులన్నీ ఒకే రేఖాంశం మీద వరసకట్టి నిలబడ్డాయి. మా దేశంలో దశాంశానికి కామా పెడతాం, మిషన్‌కేమో చుక్క కావాలి. కామా చూడగానే అది అంకెను రెండు ముక్కలు చేసేస్తుంది. రుస్మియాతి ఇవన్నీ సర్దుతుంది. సర్దినందుకు ఎవరూ ఏమీ అనరు, సర్దకపోతే మాత్రం అందరూ అంటారు. ఇంటికెళ్ళాక భర్త "ఇవాళ ఏం చేశావు?" అని అడిగితే, "చేసిందే చేశా," అంటుంది.

ఈ తప్పులన్నిటిలో ఆమెను ఎక్కువ ఏడిపించింది మైనస్ గుర్తు. మేం భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్నవాళ్ళం కనక అక్షాంశం ముందు మైనస్ పెట్టాలి. అది మరిచిపోతే చాలు, ఇల్లు రేఖ దాటి బోర్నియోకి అవతల సముద్రంలో తేలుతుంది. ఒకసారి ఒక మండలం మండలమే అక్కడ తేలింది. ప్రావిన్సు ఆఫీసువాళ్ళు ఆ బొమ్మని ఫోన్లలో పంచుకుని నవ్వుకున్నారు. ఒళ్ళు మండి ఆ మర్నాడే రుస్మియాతి పోర్టల్‌లో ఒక నిబంధన రాసింది. సముద్రంలో పడ్డ పాయింటు ఏదైనా సరే, చెల్లదు. మిషన్ దాన్ని గడప దగ్గరే వెనక్కి పంపేస్తుంది. ఆ పూటతో ఆ తలనొప్పి పోయింది. పా దార్సోనో దాన్ని మీటింగులో తన ఆలోచనగా చెప్పుకున్నాడు. తలనొప్పి పోవడమే చాలనుకుంది ఆమె.

తర్వాత రెండేళ్ళకి తీరం గీత మార్చాల్సి వచ్చింది. పాత గీత ఆమె కాలేజీ రోజులనాటిది. ఈలోగా సముద్రం ఎంతో లోపలికి వచ్చేసింది. కొత్త శాటిలైట్ ఫోటో తెప్పించి, దాని మీద నేలకీ నీటికీ మధ్య గీతని ఆమే గీసింది. చెరువులుండే చోట నీలం, వరిచేలుండే చోట నీలం. నీళ్ళలో అక్కడక్కడా బూడిదరంగు మచ్చలు కనిపించాయి. చేపలు పట్టేవాళ్ళ పాకలై ఉంటాయని వాటిని దాటుకుంటూ గీత గీసుకుపోయింది. ఆ గీత సరైనదే. శాటిలైట్ అబద్ధం చెప్పదు.

ఈ ఏడు ప్రభుత్వం లోతట్టున కొత్త కాలనీ కట్టి, మునుగుతున్న ఇళ్ళవాళ్ళకి అక్కడ ఇళ్ళు ఇస్తామంది. ఎవరికివ్వాలో మ్యాప్ చెబుతుంది. ప్రతి పల్లెలోనూ మహిళా సంఘం వాళ్ళు ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకుని, ఇంటింటి గుమ్మంలోనూ నిలబడి ఆ ఇంటి పాయింటు ఎక్కించాలి. పాయింటు మ్యాప్‌లో ఎర్రరంగు ఉన్నచోట పడితే కొత్త ఇల్లు. ఆకుపచ్చలో పడితే ఉన్నచోటే. పేర్లు వచ్చే శుక్రవారం మధ్యాహ్నం ప్రావిన్సుకి వెళ్ళిపోతాయి, ఆ తర్వాత పోర్టల్ మూసేస్తారు. శుక్రవారం దగ్గరపడేకొద్దీ రుస్మియాతి తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ వారమంతా విడవకుండా ఫోన్ చేసిన మనిషి కస్తినా. కరంగ్‌వేతాన్ అనే పల్లె. యాభై దగ్గర పడినట్టుండే గొంతు, దాని వెనకాల ఎప్పుడూ నూనె చిటపటలు. మా వైపు ఆడవాళ్ళు ఒకరినొకరు 'బు' అని పిలుచుకుంటారు, అమ్మగారూ అన్నట్టు.

"బు, మా ఇల్లు కనిపించట్లేదు."

"మ్యాప్ తెల్లగా ఉందా బు?"

"లేదు. రంగురంగులుగా పెళ్ళిపందిరిలా ఉంది. మా ఇల్లొక్కటే లేదు."

"ఫోన్‌లో పాత మెమరీ ఉంటుంది. అది తుడిచేసి మళ్ళీ తెరవండి."

"తుడిచాను. మావాడు తుడిచాడు. మావాడి పంతులుగారు కూడా తుడిచారు. ఇంకేం తుడవమంటారు? నేల తుడుద్దామంటే అదీ లేదు, అన్నీ నీళ్ళే."

మామూలుగా అయితే రుస్మియాతి నవ్వేదే. ఆ రోజు నవ్వే ఓపిక లేదు. కస్తినా పేరుతో వెతికింది. పేరు దొరికింది.

"ఉంది కదా బు. కరంగ్‌వేతాన్, తారు రోడ్డు పక్కన, ఆకుపచ్చలో."

"అది జుమీరా ఇల్లు. నేను జుమీరా ఇంట్లో ఎప్పుడు కాపురం పెట్టాను?"

"కొంచెం పెద్దది చేసుకుని చూడండి. దగ్గరదగ్గరగా ఉన్న ఇళ్ళు ఒకటిగా కనిపిస్తాయి."

"పెద్దది చేస్తే జుమీరా ఇల్లు పెద్దదవుతోంది బు. నాదేం రావట్లేదు."

మనుషులకి మ్యాప్ చదవడం రాదన్నది రుస్మియాతి గట్టి నమ్మకం. "చూస్తాను," అని పెట్టేసింది. సగం రోజు గడిచాక, ఆ గొంతు చెవిలో జోరీగలా వదలకపోతే, తానే పెద్దది చేసి చూసింది. రోడ్డు పక్కన ఒకే ఒక చుక్క. నొక్కితే జుమీరా పేరు వచ్చింది. పేరు కింద చిన్న బాణం గుర్తు ఉంది. దాన్ని నొక్కితే ఇంకో పేరు, మళ్ళీ నొక్కితే ఇంకో పేరు. పదిళ్ళ సంఘం మొత్తం ఒక చుక్క మీద ఒకటి పేర్చిన ఇడ్లీల్లా కూర్చుని ఉంది. పదిళ్ళూ ఆకుపచ్చలోనే.

ఇదేదో యాప్ జబ్బనుకుంది. కొన్ని చవక ఫోన్లు పాత లొకేషన్ పట్టుకుని వదలవు. యాప్ తిరగేసింది, బాగానే ఉంది. అంకెలు ఒక కొలత నుంచి ఇంకో కొలతకి మారేటప్పుడు ఏమైనా జారాయేమో చూసింది. జారలేదు. సర్వర్‌ని ఆపి మళ్ళీ నడిపింది, ఆ పూట ఇంకో నాలుగు ఊళ్ళవాళ్ళ చేత తిట్లు తింది. రెండు రోజులు అలా పోయాయి. చివరికి తేలిందేమిటంటే, సాఫ్ట్‌వేర్‌లో ఏ తప్పూ లేదు. పదిమందీ ఒకే మధ్యాహ్నం, ఒకే చోట నిలబడి, ఒకరి తర్వాత ఒకరు ఎక్కించారు. అంటే బద్ధకించారు. రుస్మియాతికి కోపం కంటే ఎక్కువగా నీరసం వచ్చింది.

విషయం పా దార్సోనోకి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి ముక్కు రుద్దుకున్నాడు. "పదిళ్ళ కోసం ఇప్పుడు ఏం చేస్తావు? ఎల్లుండి శుక్రవారం."

"పదిళ్ళంటే పది కుటుంబాలు, పా."

"నేను కాదన్నానా? వెళ్తానంటే వెళ్ళు. పెట్రోలు మాత్రం నన్నడక్కు."

గురువారం పొద్దున బైకు మీద బయలుదేరింది. రాబోతున్నానని ముందే ఫోన్ చేసింది. వెళ్ళేసరికి జుమీరా ఇంటి అరుగు మీద చాపలు పరిచి, పదిమంది ఆడవాళ్ళూ కూర్చుని ఉన్నారు. టీ, వేయించిన తెంపే సోయా ముక్కలు, అరటికాయ బజ్జీలు సిద్ధంగా ఉన్నాయి. అధికారిని ఖాళీ కడుపుతో తిట్టనివ్వడం మా వైపు మర్యాద కాదు. జుమీరా ఆ సంఘానికి పెద్ద. ఆమె ఇల్లు రోడ్డు ఎత్తున ఉంది. పలకలు పరిచిన అరుగు, పొడిగా ఉంది. అరుగు చివరి నుంచి ఒక వెదురు వంతెన నీళ్ళ మీదుగా అవతలికి పోతోంది. అవతల నీళ్ళలో పెంకుల కప్పులు కనిపిస్తున్నాయి.

"ఏం చేశారు బు?" అంది రుస్మియాతి, టీ ముట్టకుండానే.

జుమీరా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "అరిసాన్ రోజున ఎక్కించాం. నెల చీటీకి పదిమందీ మా ఇంట్లోనే చేరతారు కదా. చీటీ తీశాం, టీ తాగాం, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం ఫోన్‌లో ఎక్కించేశాం."

"ఎవరి గుమ్మంలో నిలబడి వాళ్ళది ఎక్కించమని శిక్షణలో చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా. మీరు అరిసాన్‌లో కూర్చుని అరటికాయ బజ్జీలు తింటూ ఎక్కిస్తే మిషన్‌కి ఏం తెలుస్తుంది? పదిమందీ జుమీరా ఇంట్లో ఉన్నారనుకుంది. ఇప్పుడు పదిమందికీ ఇల్లు రాదు. ఎవరిది తప్పు?"

అందరూ చాప వంక చూశారు. మావాళ్ళు తప్పు తమది కాకపోయినా ముందు తల దించుకుంటారు, ఆ అలవాటుతోనే ఎన్నో పోగొట్టుకున్నారు. చివరికి మూల నుంచి ఒక పొట్టి మనిషి లేచి వచ్చింది. గొంతు వినగానే రుస్మియాతి పోల్చుకుంది.

"ముందు అలాగే ఎక్కించాం బు," అంది కస్తినా. "మీరు చెప్పినట్టే. ఎవరి గుమ్మంలో వాళ్ళం. మీ యాప్ ఏమందో చదవండి."

తన ఫోన్ ముందుకు పెట్టింది. దాని తెర మూలన పగిలి ఉంది. దాచిన బొమ్మల్లో ఒకటి తీసి చూపించింది. దాని మీద ఇలా ఉంది: 'క్షమించండి. మీరు సముద్రంలో ఉన్నారు. దయచేసి నేల మీదికి వెళ్ళి మళ్ళీ ప్రయత్నించండి.'

ఆడవాళ్ళలో ఒకామె కిసుక్కున నవ్వింది, ఆ నవ్వు మిగతావాళ్ళకి అంటుకుంది. "మా ఆయన చదివి లైఫ్ జాకెట్ కోసం వెతికాడు," అంది ఒకామె. "నేను వంటింట్లో ఉన్నాను, సముద్రంలో ఉన్నానంది. చేపలు వేయిస్తుంటే వాసన వచ్చిందేమో," అంది ఇంకొకామె. జుమీరా నవ్వలేదు. మెల్లగా అంది: "నేల మీదికి వెళ్ళమంది కదా బు. వెళ్ళాం. మాకున్న నేల ఇదే."

"ఇన్నిసార్లు ఫోన్ చేశారు, ఈ సంగతి చెప్పొచ్చు కదా."

"మిషన్ అంత మర్యాదగా క్షమించమని అడిగింది. దాని మీద మళ్ళీ ఆఫీసుకి ఫిర్యాదు చేయడం ఎందుకులే అనుకున్నాం. మీకు వెయ్యి పనులు," అంది జుమీరా.

రుస్మియాతి ఆ వాక్యాన్ని మళ్ళీ చదివింది. క్షమించండి, దయచేసి, మళ్ళీ ప్రయత్నించండి. ప్రతి మాటా తనదే. మైనస్ మరిచిపోయిన గుమాస్తాలు నొచ్చుకోకూడదని మర్యాదగా రాసింది. శాటిలైట్ ఫోటోలో తాను దాటుకుపోయిన బూడిదరంగు మచ్చలు ఎదురుగా నీళ్ళలో ఉన్నాయి. వాటి మీద బట్టలు ఆరేసి ఉన్నాయి, ఒకదాని మీంచి పొగ లేస్తోంది. ఆమెకి సిగ్గు వేసింది. ఇందాక బజ్జీల మాట అన్నందుకు ఇంకా ఎక్కువ సిగ్గు వేసింది. టీ గ్లాసు తీసుకుని గడగడా తాగేసింది, చేతులకి ఏదో ఒక పని కావాలి కనక.

తర్వాత అరుగు చివరికి వెళ్ళి పా దార్సోనోకి ఫోన్ చేసింది. సంగతంతా చెప్పి, ఆ నిబంధన తీసేస్తానంది.

"తీసేస్తే రేపీపాటికి జిల్లా అంతా మళ్ళీ బోర్నియో అవతల తేలుతుంది."

"సముద్రంలో పడ్డ పాయింట్లన్నీ నేనే ఒక్కొక్కటీ చూస్తాను, పా. ఫోన్ చేసి అడుగుతాను."

"ఎన్ని వస్తాయో తెలుసా? ఉన్నది నువ్వొక్కదానివి."

"తెలుసు."

"పైవాళ్ళు సముద్రంలో ఇళ్ళు చూసి నవ్వుతారు రుస్మీ."

"నవ్వనివ్వండి. ఇక్కడివాళ్ళు ఇప్పటికే నవ్వుతున్నారు."

"నాకీ ఫోన్ రాలేదు," అన్నాడు పా దార్సోనో చివరికి, పెట్టేశాడు. ఆయన నుంచి అంతకు మించిన అనుమతి ఇన్నేళ్ళలో ఎవరికీ దొరకలేదు.

చాప మీద లాప్‌టాప్ తెరిచి, ఆ నిబంధన రాసిన ఒక్క వరస ముందు, మిషన్ దాన్ని చదవకుండా ఒక గుర్తు పెట్టింది. అంతే, నిబంధన నోరు మూసుకుంది. ఆడవాళ్ళు చుట్టూ మూగి చూశారు. "ఇంతేనా?" అంది ఒకామె, పాపం ఏదో పెద్ద తంతు ఉంటుందనుకుని.

వెదురు వంతెన మీద వరసగా నడిచారు. ఒక్కో ఇంటి దగ్గరా ఆగి, ఆ ఇల్లాలు తన గుమ్మంలో నిలబడి, ఫోన్ ఆకాశానికి చూపించి, పాయింటు తీసింది. యాప్ ఇప్పుడేమీ అనలేదు. నీలంలో చుక్క పడింది. ఆ వెంటనే ఎవరూ అనుకోని ప్రశ్న ఒకటి తెర మీదికి వచ్చింది. భూమి ఆఫీసు న్యాయవాదులు ఎప్పుడో ఇచ్చిన వాక్యం అది. ఇంతవరకూ ఏ పాయింటూ సముద్రం దాకా రానేలేదు కనక, ఆ ప్రశ్న ఉందన్న సంగతే రుస్మియాతి మరిచిపోయింది. మొదటి ఇల్లాలు దాన్ని చదవకుండానే 'ఒప్పుకుంటున్నాను' నొక్కింది. చుక్క ఎర్రబడింది. రెండో ఆమె, మూడో ఆమె అలాగే నొక్కారు. జుమీరాది నిజంగానే ఆకుపచ్చ. ఆమె వంతెన మొదట్లోనే ఆగి, అందరికీ చెయ్యి ఊపుతూ నిలబడింది. ఒక్కదానికే ఇల్లు రానందుకు ఆమె మొహంలో ఏ బాధా లేదు. పక్క ఇళ్ళన్నీ వెళ్ళిపోతాయే అన్న బాధ మాత్రం ఉంది.

అందరికన్నా చివర, సముద్రం వైపు, కస్తినా ఇల్లు. అక్కడికి చేరేసరికి మిగతావాళ్ళు వంటలకని వెనక్కి మళ్ళారు.

గుమ్మం రుస్మియాతి రొమ్ముల దాకానే ఉంది. వంగి లోపలికి వెళ్ళింది. లోపల కూడా నిటారుగా నిలబడే వీల్లేదు, కప్పు తలకి తగులుతోంది. కిటికీ మోకాలి దగ్గరుంది. ఇల్లు కుంగలేదు, నేలే పైకి వచ్చింది. పొయ్యి ఇటుకల మీద, మంచం ఇంకా ఎత్తైన ఇటుకల మీద, పిల్లల స్కూలు పుస్తకాలు దూలానికి వేలాడుతున్న సంచిలో. కస్తినా మాత్రం పొట్టి మనిషి కావడంతో సునాయాసంగా తిరుగుతోంది.

"మొదటిసారి చెరువు మట్టి పోశాం," అంది, అడక్కుండానే. "రెండోసారి పగిలిన పెంకులు. మూడోసారి ఆల్చిప్పలు. మా ఆయన బోటు దిగి వచ్చినప్పుడల్లా ఒక జానెడు పోసి మళ్ళీ వెళ్ళేవాడు. ఇంకోసారి పోస్తే పాక్కుంటూ తిరగాలి. పిల్లలకి సరదాగానే ఉంటుంది."

గుమ్మంలో నిలబడి పాయింటు తీసింది. చుక్క నీలంలో పడింది. ప్రశ్న వచ్చింది. మిగతావాళ్ళలా కాకుండా కస్తినా కళ్ళు చికిలించి, వేలు కిందే పెట్టుకుని చదివింది. 'ఈ స్థలంలో నేల నశించినది. ఇక్కడ ఇల్లు లేదని ఒప్పుకుంటున్నాను.'

రెండోసారి చదివింది.

"ఇదేంటి బు?"

"నీళ్ళలో ఉన్న స్థలానికి అలాగే అడుగుతుంది. ఒప్పుకుంటే కొత్త కాలనీలో ఇల్లు వస్తుంది. ఈ స్థలం మీద హక్కు పోతుంది."

"ఒప్పుకోకపోతే?"

"పాయింటు ఇక్కడే ఆగిపోతుంది. రేపు పేరు పోదు."

కస్తినా తల వంచి ఫోన్ చూస్తూ ఉండిపోయింది. పొయ్యి మీద నూనె కాగుతోంది, అందులో చేప వేయలేదింకా. "నా ఇల్లు కనిపించట్లేదని మీకు ఎన్నిసార్లు ఫోన్ చేశాను బు?"

"చాలాసార్లు."

"ఇప్పుడు కనిపించాలంటే ఇల్లు లేదని నేనే చెప్పాలా?"

జీవితమంతా ఫోన్‌లో మనుషులకి చెప్పిన మాటలన్నీ ఒక్కసారి రుస్మియాతి మనసులో తిరిగాయి. వాటిలో ఒక్కటీ ఇక్కడ పనికిరాలేదు. "అవును బు," అంది. తర్వాత, "కావాలంటే రేపు పొద్దున దాకా ఆగుతాను. బోటు మీదున్న మీ ఆయనతో ఒకసారి మాట్లాడుకోండి," అంది.

"ఆయనకి సిగ్నల్ ఉండే చోట చేపలుండవు. పొద్దునకి మాత్రం ఏం మారుతుంది? రాత్రి పోటుకి, కింద మరిచిపోయిన పెద్దమ్మాయి పుస్తకాలు తడిశాయి." కస్తినా నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఒక్క మాట అడుగుతాను. మీ మ్యాప్‌లో ఇది సముద్రం ఎప్పటి నుంచి అయింది?"

"పోయినేడు మార్చి నుంచి."

"మార్చిలో మా అబ్బాయికి సున్తీ చేశాం. ఊరందరికీ ఇక్కడే భోజనాలు. మరి అప్పటికే లేదన్నమాట."

వేలు పెట్టి నొక్కింది. తడి వేలు, తెర కదల్లేదు. మళ్ళీ నొక్కింది, కదల్లేదు. రుస్మియాతి తన తలమీది గుడ్డ కొంగుతో ముందు తెర తుడిచింది, తర్వాత కస్తినా చెయ్యి పట్టుకుని ఆ బొటనవేలు తుడిచింది. అలా తుడుస్తుంటే ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కస్తినా చూసి కూడా చూడనట్టే ఊరుకుంది. మూడోసారి నొక్కింది. నీలం మధ్యలో చుక్క ఎర్రబడింది.

"కనిపించిందా?" అంది కస్తినా.

"కనిపించింది బు. మీ పేరు పైకి వెళ్ళింది. ఇల్లు వస్తుంది."

కస్తినా తెరని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. చుట్టూ నీలం, పైన నీలం, కింద నీలం. "పక్కన చిన్న అక్షరాలున్నాయి. కళ్ళజోడు లేదు. చదవండి."

"కస్తినా, వర్సిదీ కూతురు. కుటుంబంలో ఐదుగురు." రుస్మియాతి ఆగింది. మిగిలింది కూడా చదవక తప్పలేదు. "ఇల్లు లేదు."

కస్తినా తల ఊపింది, ఎవరో చావు కబురు చెబితే ఊపినట్టు. ఫోన్ రవిక లోపల దోపుకుని, పొయ్యి దగ్గరికి వెళ్ళి, కాగిపోతున్న నూనెలో చేప వేసింది. చిటపట చప్పుడు లేచింది. రుస్మియాతి ఇన్నాళ్ళూ ఫోన్‌లో విన్న చప్పుడు అదే.

"కూర్చో," అంది వెనక్కి తిరక్కుండానే. ఆమె రుస్మియాతిని 'నువ్వు' అనడం అదే మొదటిసారి. "పోటు రాకముందే తినేసి వెళ్ళు. వంతెన మునిగితే ఈ పూట ఇక్కడే ఉండిపోవాలి."

రుస్మియాతి తల వంచుకుని కూర్చుంది. కప్పు కింద ఇంకోలా కూర్చునే వీలు కూడా లేదు. అన్నం, చేప, సంబల్ కారం పెట్టిన పళ్ళెం చేతికొచ్చింది. పని అయిపోయింది. తప్పు దొరికింది, సర్దింది, రేపు పదిలో తొమ్మిది పేర్లు ప్రావిన్సుకి వెళ్తాయి. ఇన్నేళ్ళలో ఇంతకన్నా మంచి పని చేసిన గుర్తు ఆమెకి లేదు. అయినా ఒక ముద్ద తిని, రెండోది కలుపుతూ ఉండిపోయింది.

"ఉప్పు తక్కువైందా?" అంది కస్తినా.

"లేదు బు. బావుంది."

"మరి తిను. ఇంకా నా ఇంట్లోనే ఉన్నావు."